టవర్ పడిపోయాక ఎవరితో మాట్లాడాలి?

2024 ఆగస్టు 31, శనివారం రాత్రి. ఇక్కడ నార్త్ కరోలినాలోని కేరీలో మేం భోజనాలు ముగించి కూర్చున్నాం. అప్పటికి విజయవాడలో ఆదివారం తెల్లవారుతోంది. సింగ్ నగర్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. "వాకిట్లోకి నీళ్ళొచ్చాయిరా, సామాన్లు మంచం మీద పెడుతున్నాం" అంది. గంట తర్వాత మళ్ళీ చేసి "మేడ మీదికి వెళ్ళిపోతున్నాం, ఛార్జింగు తక్కువుంది, పెట్టేస్తున్నా" అంది. అంతే. ఆ తర్వాత రెండు రోజులు ఏ నంబరుకి కొట్టినా స్విచ్ ఆఫ్.

బుడమేరుకి గండ్లు పడ్డాయని, ప్రకాశం బ్యారేజీకి మునుపెన్నడూ లేనంత వరద, 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిందని టీవీ ఛానళ్ళు చెబుతూనే ఉన్నాయి. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. పడవలు వచ్చాయి, హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లతో భోజనం పొట్లాలు వేశారు. ఇవన్నీ నేను కేరీలో సోఫాలో కూర్చుని చూశాను. మా అక్క మామగారికి రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ కావాలి, ఇంట్లో ఉన్నది నీళ్ళలో కొట్టుకుపోయింది. ఆ సంగతి మాత్రం ఆ పడవల్లో ఎవరికీ తెలియదు, తెలియజేసే దారీ లేదు. డ్రోను వాళ్ళ మేడ మీదికే వచ్చి పొట్లం వేసిందట. "దానికి నోరుంటే బాగుండేదిరా, మావయ్యగారి సంగతి చెప్పేదాన్ని" అని తర్వాత అక్క నవ్వుతూ అంది గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు. మంగళవారం ఎవరో కుర్రవాళ్ళు పడవలో వెళ్తూ, తమ ఫోనులో బావగారి చేత మాట్లాడించారు. పెద్దాయన అప్పటికే మగతలోకి వెళ్ళారు. ఆస్పత్రిలో కొన్నాళ్ళుండి దక్కారు. మా అదృష్టం.

ఈ రెండు రోజులూ అమెరికాలో ఉన్న మనం ఏం చేశామో చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసం అసలు అందుకే. వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు, చిరునామాలు పంచుకున్నాం. ఒక మిత్రుడు స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. ఒక్క రాత్రిలో వందల వరసలయ్యాయి. ఒకే ముసలమ్మ పేరు నాలుగు చోట్ల ఉంది. ఆవిడని బయటికి తెచ్చారో లేదో నాలుగు చోట్లా లేదు. ఆ పట్టికని విజయవాడలో ఎవరికి పంపాలో మాలో ఒక్కరికీ తెలియదు. తెలిసిన ఎమ్మెల్యే పి.ఏ.కి ఒకరు, ఐ.పి.ఎస్. బాబాయికి ఒకరు, విలేకరి స్నేహితుడికి ఒకరు పంపారు. ఇంతమంది ఇంజనీర్లం, ప్రపంచంలోని పెద్ద పెద్ద నెట్‌వర్కులు నడిపేవాళ్ళం, చివరికి బాబాయిల మీద ఆధారపడ్డాం!

"అక్కడంతే, ఇండియా కదా" అని ఆ వారమే ఒక పార్టీలో ఒకాయన తేల్చేశారు. సరిగ్గా ఆ నెలాఖరులోనే హెలీన్ తుఫాను వచ్చింది.

సెప్టెంబర్ 26 రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటి, మర్నాటికల్లా మా రాష్ట్రం పడమటి కొండల్ని ముంచేసింది. ఆష్‌విల్ మాకు నాలుగు గంటల ప్రయాణం. శరదృతువులో ఆకుల రంగులు చూడటానికి మన వాళ్ళు బారులు తీరే ఊరు. అక్కడ కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, వాటికి ప్రాణమైన ఫైబర్ తీగలు రోడ్లతో పాటు కొట్టుకుపోయాయి. ఐ-40 హైవేలో ఒక వైపు నదిలోకి జారిపోయింది. నార్త్ కరోలినా ఒక్క రాష్ట్రంలోనే వంద మందికి పైగా చనిపోయారు. ఆష్‌విల్‌లో కుళాయి నీళ్ళు మళ్ళీ తాగడానికి పనికొచ్చేసరికి 53 రోజులు పట్టింది. నాతో పాటు పాతికేళ్ళ క్రితం రిచర్డ్‌సన్‌లో టెలికం కంపెనీలో పనిచేసిన మిత్రుడి కుటుంబం ఆష్‌విల్ పక్కనే ఉంటుంది. మూడు రోజులు వాళ్ళ జాడ లేదు. అదే స్విచ్ ఆఫ్, అదే స్ప్రెడ్‌షీట్, అవే ఫేస్‌బుక్ గ్రూపులు. ఈసారి బాబాయిలు కూడా లేరు.

నాలుగో రోజు మిత్రుడు దొరికాడు. సెల్ ఫోన్ ద్వారా కాదు. మౌంట్ మిచెల్ అని, మిసిసిపీ నదికి తూర్పున ఉన్న శిఖరాలన్నిటిలో ఎత్తయినది, 6,684 అడుగులు. దాని మీద అమెచ్యూర్ రేడియో వాళ్ళ, అంటే మనం హామ్ రేడియో అనేవాళ్ళ, రిపీటర్ ఒకటుంది. కొండ మీద అన్నీ పోయినా అది పోలేదు. 145.190 మెగాహెర్ట్జ్ మీద పగలూ రాత్రీ వాలంటీర్లు మైకు పట్టుకుని కూర్చున్నారు. ఎవరింట్లో ఆక్సిజన్ అయిపోతోంది, ఏ రోడ్డు తెగింది, ఏ వంతెన ఉంది, ఫలానా తల్లి బతికే ఉందా, ఇవన్నీ ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే కాగితం మీద రాసుకుని అందాల్సిన వాళ్ళకి అందించారు. ఎవరో దాన్ని ఇంటర్నెట్‌లో పెడితే నేను ఆఫీసు పని పక్కన పడేసి వింటూ కూర్చున్నాను. నా మిత్రుడి వీధి చివర ఒక రిటైరైన పెద్దమనిషి దగ్గర చేతి రేడియో ఉందట. "వీధిలో అందరూ క్షేమం" అని ఆయన పంపిన కబురే మా దాకా చేరింది.

సరే, అమెరికా ప్రభుత్వం దగ్గర ఇంతకన్నా పెద్ద సరంజామా లేదా అంటే, ఉంది. బాగా ఉంది. ఫీమా వాళ్ళకి మెర్స్ అనే దళాలున్నాయి. డాలస్‌లో ఉన్నవారికి చెప్పాలంటే, వాటిలో ఒకటి మీ పక్కనే డెంటన్‌లో ఉంటుంది. పెద్ద ట్రక్కుల్లో ఉపగ్రహ డిష్, జనరేటరు, రేడియోలు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ అన్నీ వేసుకుని విపత్తు జరిగిన చోటికి వెళ్ళి, ఊరు లేని చోట ఆఫీసు నిలబెడతారు. సెల్ కంపెనీల దగ్గర చక్రాల మీద నడిచే టవర్లున్నాయి. టవర్‌కి తీగ లేకపోతే ఉపగ్రహం ద్వారా కలుపుతారు. పోలీసు రేడియో ఒక రకం, ఫైర్ వాళ్ళది మరో రకం, నేషనల్ గార్డ్‌ది ఇంకో రకం అయితే మధ్యలో ఒక పెట్టె పెట్టి మూడింటినీ కలిపే ఏర్పాటూ ఉంది. హెలీన్ సమయంలో ఇవన్నీ కదిలాయి. స్టార్‌లింక్ డిష్‌లు ఫైర్ స్టేషన్ల ముందు వెలిశాయి. మామూలు సెల్ ఫోన్‌కే ఉపగ్రహం నుంచి హెచ్చరికలు, మెసేజీలు పంపడానికి ఎఫ్.సి.సి. అత్యవసర అనుమతి కూడా ఇచ్చింది. కాకపోతే ట్రక్కుకి రోడ్డు కావాలి. మొదటి మూడు రోజులూ లేనిది అదే.

ఇక ఈ సరంజామా అమెరికాకి ఎంత ఆలస్యంగా, ఎంత రక్తం చిందాక వచ్చిందో గుర్తు చేసుకోవడం మనకి అవసరం. మన రాష్ట్రాల్లో "అమెరికాలో అయితేనా" అని మొదలుపెట్టే వాళ్ళెక్కువ.

1993లో న్యూయార్క్ ట్రేడ్ సెంటర్ మీద బాంబు దాడి జరిగినప్పుడు ఆ ఎత్తైన భవనాల్లో ఫైర్ వాళ్ళ రేడియోలు పనిచేయలేదు. అందుకని అక్కడ ఒక రిపీటర్ పెట్టారు. 2001 సెప్టెంబర్ 11 ఉదయం ఉత్తర టవర్ లాబీలో అధికారులు దాన్ని పరీక్షించి, పనిచేయట్లేదని వదిలేశారు. నిజానికి అది పనిచేస్తూనే ఉంది. రెండు మీటలు నొక్కాల్సిన చోట రెండోది నొక్కలేదని విచారణ కమిషన్ తేల్చింది. దక్షిణ టవర్ కూలాక ఉత్తర టవర్ కూలడానికి 29 నిమిషాల వ్యవధి ఉంది. "దిగి వచ్చేయండి" అన్న ఆదేశం లోపల ఉన్న ఫైర్ సిబ్బందిలో కొందరికి వినపడింది, కొందరికి వినపడలేదు. విన్న వాళ్ళలో కూడా పక్క టవర్ పడిపోయిందన్న సంగతి తెలియనివాళ్ళున్నారు. పోలీసు హెలికాప్టర్ పైనుంచి చూసి చెప్పిన మాట పోలీసుల రేడియోలో పోయింది, ఫైర్ వాళ్ళ రేడియోలో పోలేదు. ఆ రోజు చనిపోయిన ఫైర్ సిబ్బంది 343 మంది.

నాలుగేళ్ళకి, 2005 ఆగస్టు 29న కత్రినా. న్యూ ఆర్లీన్స్ పోలీసు రేడియో వ్యవస్థ దెబ్బతింది. దాన్ని బాగుచేయడానికి వచ్చిన టెక్నీషియన్లని ఊళ్ళోకి రానివ్వకుండా రాష్ట్ర పోలీసులే ఆపేశారని కాంగ్రెస్ దర్యాప్తు నివేదికలో ఉంది. చదివినప్పుడు నాకు మన ఊరి చెక్ పోస్టు గుర్తొచ్చింది. 911 కాల్ సెంటర్లు 38 మూగబోయాయి.

ఆ తర్వాత జరిగిన రాజకీయం ఇంకా ఆసక్తికరం. కత్రినా అనుభవంతో 2007లో ఎఫ్.సి.సి. ఒక చిన్న నిబంధన పెట్టింది. ప్రతి సెల్ టవర్ దగ్గరా కరెంటు పోతే ఎనిమిది గంటలు నడిచే బ్యాటరీ ఉండాలి. ఎనిమిది గంటలు, అంతే! సెల్ కంపెనీలు కోర్టుకెళ్ళాయి, ఖర్చు అన్నాయి, స్థలం లేదన్నాయి. 2008లో వైట్ హౌస్ బడ్జెట్ కార్యాలయం దానికి ఆమోదం ఇవ్వలేదు. నిబంధన పుట్టకుండానే పోయింది. అడవుల కార్చిచ్చులతో విసిగిన కాలిఫోర్నియా 2020లో ప్రమాద ప్రాంతాల టవర్లకి 72 గంటల బ్యాకప్ ఉండాలని తన మట్టుకు తాను నిర్ణయించుకుంది. దేశమంతటికీ మాత్రం ఇప్పటికీ అలాంటి కచ్చితమైన నియమం లేదు.

రక్షణ సిబ్బందికి ప్రత్యేక నెట్‌వర్కు కథా అంతే. 2008లో ఆ స్పెక్ట్రంని వేలం వేసి, ప్రైవేటు కంపెనీయే కట్టాలన్నారు. కనీస ధర కూడా పలకలేదు. 2012లో చట్టం చేసి ఫస్ట్‌నెట్ అనే సంస్థని పెట్టి, 700 కోట్ల డాలర్ల నిధి కేటాయించి, 2017లో ఏటీ అండ్ టీకి 25 ఏళ్ళ కాంట్రాక్టు ఇచ్చారు. సెప్టెంబర్ 11 నుంచి చట్టానికి పదకొండేళ్ళు, కాంట్రాక్టుకి పదహారేళ్ళు. మధ్యలో 2018లో కాలిఫోర్నియాలో మెండొసినో కార్చిచ్చు ఆర్పుతున్న శాంటా క్లారా కౌంటీ ఫైర్ వాళ్ళ కమాండ్ వాహనం డేటా వేగాన్ని, నెల కోటా అయిపోయిందని వెరైజన్ తగ్గించేసింది. వేగం పెంచమంటే ఇంకా ఖరీదైన ప్లాను కొనుక్కోమన్నారు. తర్వాత కంపెనీ పొరపాటని ఒప్పుకుందనుకోండి. మంట ముందు నిలబడ్డ వాడితో ప్లాను బేరం పెట్టుకోవచ్చని అనుకున్న వ్యవస్థ గురించి నాకు అనుమానాలు తీరలేదు.

నేను మార్కెట్టుకి వ్యతిరేకిని కాను. నా జీతం టెలికం కంపెనీలే ఇచ్చాయి. కానీ పదేళ్ళకోసారి పనికొచ్చే బ్యాటరీని ఏ కంపెనీ లాభనష్టాల లెక్కా కొనమనదు. ఆ లెక్క వేయాల్సింది ప్రభుత్వం. వేయించాల్సింది ఓటరు.

ఇక మన వైపు వద్దాం. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి ఈ పాఠకులకి చెప్పక్కర్లేదు. మీలో ఆ ప్రాంతం వాళ్ళున్నారు. పది వేల మందికి పైగా పోయారు. తీగలు తెగిపోయి, దారులు మూసుకుపోయి, హంసలదీవి, సొర్లగొంది వైపు ఏం జరిగిందో బయటికి పొక్కడానికే ఎంతో సమయం పట్టింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చేనాటికి విశాఖలో ప్రతి చేతిలోనూ సెల్ ఫోన్ ఉంది. మొదటి రోజు ఆ ఫోన్ 1977 నాటి టెలిగ్రాఫ్ తీగ కన్నా ఎక్కువేమీ పనికిరాలేదు. ముందస్తు హెచ్చరికల్లో మనం ఎంతో మెరుగయ్యాం, ఆ ఘనత వాతావరణ శాఖకీ జిల్లా యంత్రాంగాలకీ ఇవ్వాలి. దివిసీమలా వేలల్లో ప్రాణాలు పోవడం ఇప్పుడు లేదు. కానీ హెచ్చరిక పై నుంచి కిందికి వచ్చే మాట. నీళ్ళొచ్చాక కింది నుంచి పైకి వెళ్ళాల్సిన మాటకి దారేది?

మనకి చేతకాదనుకుంటే పొరపాటు. హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ వెళ్ళింది. అక్కడ ఏళ్ళ తరబడి హామ్ రేడియోకి అనుమతి లేదు. ఆవిడ పట్టుబట్టి సంపాదించారు. సరదా ప్రసారాల కోసం పోర్ట్ బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టుకున్నారు. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. ఆ సరదా స్టేషనే ద్వీపాలకీ ప్రధాన భూభాగానికీ మధ్య కబుర్లు మోసింది, ఆ తర్వాత కార్ నికోబార్‌లోనూ ఒకటి పెట్టారు. అండమాన్‌లో మన తెలుగువాళ్ళెందరుంటారో మీకు తెలుసు. మరి మన తెలుగు సంఘాల సన్మాన పత్రాల్లో ఆవిడ పేరు మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు.

108 సంగతీ అంతే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై దేశానికే నమూనా అయింది. సత్యం కథ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు, అది వేరే సంగతి. ఒక నంబరు, ఒక కంట్రోల్ రూము, కదిలే బండి, బండిలో శిక్షణ పొందిన మనిషి. ఈ నాలుగింటినీ కలిపి నడపగలమని మనం నిరూపించాం. కాకపోతే 108కి ఫోను మోగాలి.

చట్టం కూడా మనకి అడ్డమే. భారతదేశంలో ఉపగ్రహ ఫోను అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే నేరం. ఇక్కడ కొండలెక్కేవాళ్ళు వాడే చిన్న ఉపగ్రహ మెసెంజర్‌ని తెలియక తీసుకెళ్ళి విమానాశ్రయాల్లో కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులున్నారు. కాబట్టి ఎవరూ అభిమానం కొద్దీ సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళకండి. దీనికి భద్రతా కారణాలున్నాయి, 2008 ముంబై దాడిని ఎవరూ మరిచిపోలేదు. స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చేదాకా వ్యవహారం ఏళ్ళ తరబడి నలిగింది. భద్రత కావాలి, నిజమే. కానీ ప్రతి మండల తహసీల్దారు దగ్గరా ప్రభుత్వమే ఇచ్చిన ఉపగ్రహ ఫోను ఒకటుంటే, ఏటా రెండుసార్లు దాన్ని ఛార్జి చేసి మాట్లాడి చూస్తే, దేశ భద్రతకి వచ్చే ముప్పేమిటి?

అసలు నాకు ఉపగ్రహం కన్నా వి.హెచ్.ఎఫ్. చేతి రేడియో మీదే నమ్మకం. విజయవాడ చుట్టూ చూడండి, ఇంద్రకీలాద్రి, గుణదల, కొండపల్లి, మంగళగిరి. రిపీటర్లు పెట్టడానికి దేవుడు కట్టిన టవర్లు. 2019 నుంచి ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాలు పదిహేను వేల దాకా వచ్చాయి. ఏ ప్రభుత్వం ఏ పేరు పెట్టుకున్నా భవనం ఉంది, సిబ్బంది ఉన్నారు. వరద ముప్పున్న ప్రతి సచివాలయంలోనూ ఒక రేడియో, ఒక బ్యాటరీ, ఒక సౌర ఫలకం, మైకు పట్టుకుని పొడి మాటల్లో కబురు చెప్పడం నేర్చిన ఇద్దరు మనుషులు. ఇది హైదరాబాదు నుంచో అమరావతి నుంచో నడిపే డ్యాష్‌బోర్డు కాదు. వార్డుకే ఒక గొంతు ఇవ్వడం. ఖమ్మంలో మున్నేరు కూడా అదే రోజు, అదే సెప్టెంబర్ 1న పొంగింది కాబట్టి తెలంగాణ మిత్రులు ఇది మా గొడవ కాదనుకోనక్కర్లేదు.

ఈ ముక్కే 2024 చివర్లో ఒక తెలుగు సంఘం సమావేశంలో చెప్పాను. వరద సాయానికి మంచి మొత్తమే వసూలైంది, మిగిలిన దాంట్లో కొంత పెట్టి ఒక్క డివిజన్‌లో ప్రయోగం చేద్దాం, ప్రభుత్వ అనుమతి నేను తిరిగి తెస్తాను అన్నాను. కార్యవర్గంలో ఒక పెద్దాయన చాలా ప్రేమగా నా భుజం తట్టి, "తమ్ముడూ, దుప్పటి ఇస్తే ఫొటో పడుతుంది. కొండ మీద పెట్టెకి ఏం ఫొటో తీస్తాం?" అన్నారు. ఆయన నిజాయితీని మెచ్చుకోవాలి. మిగిలినవాళ్ళు అదే మాట పావుగంట తిప్పి తిప్పి చెప్పారు. దుప్పట్లు వద్దని నేననను. మా అక్కకీ వచ్చింది ఒకటి, బాగుందట.

ఆ సమావేశం నుంచి తిరిగొస్తూ కారులో నాకే సిగ్గనిపించింది. ఊరికి నీతులు చెప్పే నాకు రేడియో లైసెన్సుందా? లేదు. ఇక్కడ అది చాలా తేలిక. టెక్నీషియన్ పరీక్షకి 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే చాలు. ఎఫ్.సి.సి. ఫీజు 35 డాలర్లు. పౌరసత్వం అక్కర్లేదు, గ్రీన్ కార్డు అక్కర్లేదు, హెచ్-1 మీద ఉన్నవాళ్ళూ రాయొచ్చు, అమెరికాలో ఒక తపాలా చిరునామా ఉంటే చాలు. మా ఊరి లైబ్రరీలో పదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని రాశాను. టెలికంలో ఇరవై ఐదేళ్ళ అనుభవం, 35కి 29! పక్కనున్న పాపకి నాకన్నా ఎక్కువొచ్చాయి. తర్వాత మా కౌంటీలో సర్ట్ శిక్షణకి కూడా వెళ్ళాను. లాస్ ఏంజెలెస్ ఫైర్ వాళ్ళు 1985లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, ఫైర్ ఇంజను వచ్చేలోగా వీధిలో వాళ్ళే వీధిని ఎలా చూసుకోవాలో నేర్పుతారు. ఇరవై మందిలో భారతీయుణ్ణి నేనొక్కణ్ణే. మా కౌంటీలో మన జనాభా చూస్తే ఇది కాస్త ఇబ్బందిగానే ఉంది. ఇక్కడి ఇళ్ళూ మనవే, ఇక్కడి పన్నులూ మనవే, తుఫాను వచ్చినప్పుడు మాత్రం ఎవరో రిటైరైన పెద్దమనిషి మన కబురు మొయ్యాలి.

విజయవాడలో ఒక అధికారికి ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశాను, ఒక్క డివిజన్‌కి పరికరాలెన్ని, ఖర్చెంత, అనుమతి ఎవరివ్వాలి అని వివరంగా. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఈలోగా మా మేనల్లుడు, అక్క కొడుకు, వాళ్ళ కాలేజీ కుర్రాళ్ళు నలుగురు హామ్ పరీక్షకి దరఖాస్తు చేశారు. అక్కడ కేంద్రం నుంచి లైసెన్సు చేతికి రావడానికి ఇక్కడికన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఆదివారం పొద్దున్న వాళ్ళకి నేను వీడియోలో పాఠం చెబుతున్నాను, వాళ్ళకి అప్పుడు సాయంత్రం. డాలస్, అట్లాంటా, బే ఏరియాల్లో ఇలా ఒక్కో కాలేజీనో, ఒక్కో ఊరినో దత్తత తీసుకుని పాఠం చెప్పగలిగే రేడియో, టెలికం వాళ్ళు రాస్తే, ఎవరు ఏ ఊరో పంచుకుందాం. చెక్కులు వద్దు. ముందు మనుషులు కావాలి.